ముందు బ్రేకు ప్యాడ్లు
వారం రోజులుగా బ్రేకు నొక్కితే ముందు చక్రం కీచుమంటోంది. దుమ్మేమో అనుకుని వదిలేశాను. నిన్న మెకానిక్ ప్యాడ్లు విప్పి చేతిలో పెట్టాడు. ఒకదాని మీద గోరు మందం కూడా మిగల్లేదు, వెనకున్న ఇనుప రేకు బయటపడబోతోంది. రోజూ పాపను బడికి దింపేది ఈ బండి మీదే. గుండె ఝల్లుమంది.

షాపులో రెండు రకాలు చూపించారు. సింటర్డ్‌వి లోహపు పొడితో చేసినవి. వానలో బాగా పట్టుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి, కానీ చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును త్వరగా అరగదీస్తాయి. రెండోవి ఆర్గానిక్‌వి, పీచు, జిగురు కలిపి చేసినవి. నా బండికి కంపెనీ ఇచ్చింది ఇవే, అవే తీసుకున్నాను. సగం ధరకు సీలు లేని ప్యాకెట్ ఉందన్నారు, వద్దన్నాను.

బిగించాక లీవర్ మెత్తగా లోపలికి పోయింది, నాలుగైదు సార్లు నొక్కితే గట్టిపడింది. కొత్తవి డిస్కుకు సర్దుకునేదాకా నెమ్మదిగానే నడుపుతున్నాను. పొద్దున పాప అంది: "నాన్నా, ఇవాళ శబ్దం రావట్లేదే!"