వసంతంలో పెరడు: బీర పందిరి, పేనుబంక, ఒక బుల్‌బుల్ గూడు

ఫిబ్రవరి చివర

చలి తగ్గగానే బెండ, బీర, దోస గింజలు పెట్టాను. బెండ గింజకు తోలు మందం, అందుకే ముందు రాత్రి నానబెట్టాను. బీర, దోస రెండు సెంటీమీటర్ల లోతున వేశాను. టమాటా, వంగ నారు నాటడానికి సిద్ధంగా ఉంది. టమాటాను కింది ఆకులు తుంచి, కాండంలో సగం దాకా మట్టిలోకి దింపాను. పూడిన కాండానికి కూడా వేళ్లు వస్తాయి కాబట్టి మొక్క గట్టిగా నిలబడుతుంది. వంగను మాత్రం నారుమడిలో ఉన్నంత లోతులోనే నాటాను.

విత్తిన ప్రతి చోటా ఇనుప జాలి బోర్లించాను. గుల్ల చేసిన మట్టి కనిపిస్తే తవ్వి చూడనిదే ఉడుతకు తోచదు. మొలకెత్తిన తరువాత రెండు అసలు ఆకులు వచ్చేదాకా జాలి తీయను.

చలికాలం వేసిన కొత్తిమీర, ఆవ మొక్కలు పూతకు వచ్చాయి. ఆకు కోతకు పనికిరావు, మడి చూడటానికి చిందరవందరగా ఉంది. అయినా పీకలేదు. కొత్తిమీర పువ్వులో తేనె పైపైనే ఉంటుంది, పొట్టి నోరున్న చిన్న ఈగలకూ సన్న కందిరీగలకూ అది అందుతుంది. వాటితో నాకు మార్చిలో పని పడుతుంది.

మార్చి మొదటి సగం

అనుకున్నట్టే మొక్కల రసం పీల్చే చిన్న పురుగు, పేనుబంక దిగింది. మొదట ఆవ కంకుల మీద, తరువాత బెండ లేత ఆకుల అడుగున, వంగ చిగుళ్ల మీద. మగ పురుగుతో పనిలేకుండానే ఆడది నేరుగా పిల్లలను కంటుంది, అందుకే నిన్న పదిగా ఉన్నది వారం తిరిగేసరికి కాండమంతా కప్పేస్తుంది. బెండ, వంగ మీదున్న వాటిని ఉదయం పూట నీటి ధారతో ఆకు అడుగు నుంచి కొట్టి రాల్చాను. ఆవ మొక్కల జోలికి వెళ్లలేదు. పేనుబంకను తినే పురుగులు రావాలంటే వాటికి ఎక్కడో ఒకచోట మేత ఉండాలి. మేత కనపడ్డాకే అవి వస్తాయి, ఎప్పుడూ కొంత ఆలస్యంగానే. ఆ మధ్య రోజుల్లో చేతులు కట్టుకుని కూర్చోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

చీమలను మాత్రం ఊరుకోలేదు. పేనుబంక వదిలే తీపి బంక కోసం అవి కాపలా కాస్తాయి, తినడానికి వచ్చిన పురుగులను తరిమేస్తాయి. వంగ మొదళ్లకు కాగితం పట్టీ చుట్టి, దాని మీద జిగురు పూశాను. చీమల దారి తెగిన మొక్కలకూ తెగని మొక్కలకూ తేడా కంటికి కనిపించింది.

మార్చి రెండో సగం

ఆవ కంకి మీద అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్లలు కనిపించాయి. పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు. పిల్ల పురుగు నల్లగా, పొడుగ్గా, ఒంటిమీద నారింజ మచ్చలతో భయంకరంగా ఉంటుంది. తెలియక దాన్నే ముందు నలిపేస్తారు. నిజానికి రెక్కలు రాకముందు రెండు మూడు వారాల్లోనే అది వందల కొద్దీ పేనుబంకను తినేస్తుంది.

అయితే ఈ కుటుంబంలో ఆకు తినే రకమూ ఉంది, దానికి వంగ అంటే ప్రాణం. మంచి రకం నున్నగా మెరుస్తుంది. ఆకు తినేది మెరవదు, ఒంటినిండా సన్నటి నూగు, వీపు మీద చాలా చుక్కలు. దాని పిల్లలు పసుపు రంగులో, కొమ్మలు వేసిన ముళ్లతో ఉంటాయి. ఆకు పచ్చదనాన్ని గీకి ఈనెలను వలలా మిగులుస్తాయి. రెండింటి గుడ్లూ పసుపే, రెండూ గుంపుగా నిలువుగానే ఉంటాయి. అందుకే గుడ్లు కనిపిస్తే చుట్టుపక్కల చూస్తాను. పేనుబంక ఉంటే వదిలేస్తాను. వంగ ఆకు శుభ్రంగా ఉండి పక్క ఆకు వల పడి ఉంటే, ఆ ఆకు తుంచి సబ్బు నీళ్లలో వేస్తాను.

భూతద్దంతో చూస్తే ఇంకొకటి కూడా దొరికింది. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా అతుక్కుపోయి ఉన్నాయి. ఒకదాని వీపున గుండ్రటి రంధ్రం, అంచున చిన్న మూత. సన్న కందిరీగ లోపల గుడ్డు పెట్టగా, పెరిగిన పిల్ల ఆ మూత కోసుకుని బయటపడింది. అలాంటివి నాలుగైదు కనిపిస్తే ఆ మొక్క మీద వేపనూనె కూడా చల్లను. చల్లక తప్పని చోట లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు, నూనె కలవడానికి కొద్దిగా సబ్బు ద్రవం. ఎండ వాలాక, విచ్చిన పువ్వులను తప్పించి చల్లుతాను.

ఏప్రిల్

టమాటా, వంగ పూత మీద ఉన్నాయి. వీటి పుప్పొడి కేసరాల లోపల దాగి ఉంటుంది, చివర రంధ్రాల నుంచే బయటికి రావాలి. తేనెటీగకు అది చేతకాదు. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కలు ఆడించకుండా ఒళ్లు మాత్రం అదరగొడుతుంది, ఉప్పు డబ్బా దులిపినట్టు పుప్పొడి రాలుతుంది. మా తుమ్మెద బీర పందిరి వెదురులోనే తొలిచి గూడు పెట్టుకుంది. బరువు మోసే కర్ర కాదు కనుక దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకొకటి పాతాను. తుమ్మెద రాని రోజున ఎండెక్కే వేళకు టమాటా పూగుత్తి వెనక కాడను వేలితో మీటుతాను. రాత్రులు బాగా వెచ్చబడితే ఎవరు కదిపినా పూత రాలుతుంది, అప్పుడు నీడ వల కట్టడం, మొదట్లో ఎండుటాకులు పరచడం తప్ప చేసేదేమీ లేదు.

బీరకు ముందు మగపువ్వులే వచ్చాయి. పూత రాలిపోతోందని కంగారు పడనక్కర్లేదు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడది. బీర సాయంత్రం విచ్చుకుంటుంది, దోస ఉదయం. సాయంత్రం తేనెటీగలు తక్కువ కాబట్టి మగపువ్వు రేకులు తుంచి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దుతున్నాను. పిందె కట్టాక కాగితం సంచి తొడిగితే పండు ఈగ గుడ్లు పెట్టలేదు.

పందిరి మూల తీగల నడుమ బుల్‌బుల్ జంట గూడు కట్టింది. చిన్న గిన్నెలాంటి గూడు, గులాబీ ఛాయ గుడ్ల మీద ఎర్ర చుక్కలు. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి దాదాపు మరో రెండు. అందాకా ఆ మూలన తీగ కత్తిరించను, మందు చల్లను, నీళ్లు మొదట్లోనే పోస్తాను. అక్కడి బీరకాయలు ముదిరి పీచు పడతాయి, పడనివ్వండి, విత్తనానికి ఉంచుతాను. ఇప్పుడు పిల్లలు వచ్చాయి, తల్లీతండ్రీ గొంగళి పురుగులను మోస్తూనే ఉన్నాయి. ఇవే పక్షులు రేపు టమాటాలు పొడుస్తాయని తెలుసు. అందుకే కాయ రంగు తిరగడం మొదలవగానే కోసి లోపల పండబెడుతున్నాను, రుచికి పెద్దగా లోటు రాదు.

నీళ్ల పళ్లెం నీడలో పెట్టాను. లోతు తక్కువ, మధ్యలో తేనెటీగ వాలడానికి ఒక రాయి. దోమ పిల్లలు పెరగకుండా రెండు రోజులకోసారి ఒంపేసి కడగాలి.

ఈ వారం పనులు: వంగలో వాడిన చిగుళ్లను పురుగు తొలిచిన చోటికి కిందుగా కత్తిరించి పారేయాలి, బెండ రెండో విడత విత్తాలి, ఎండిన ఆవ కాయలు చిట్లకముందే కోసుకోవాలి. బెండకాయలు మాత్రం రోజు విడిచి రోజు కోయాలి. ఒక్కసారి వదిలినా ముదురుతాయి, ముదిరిన కాయ చెట్టున ఉంటే కొత్త పూత తగ్గిపోతుంది.