జైసల్మేర్ కాదట, జైసళమేర్

చెన్నై షావుకారుపేటలో అమ్మ చీరకి ఫాల్ కొంటుంటే, కొట్టు పెద్దాయన మాటల్లో రాజస్థాన్‌లోని వాళ్ళ ఊరి పేరు వచ్చింది. జైసళమేర్. స్పష్టంగా 'ళ'! హిందీలో మామూలుగా వినపడని ఈ అక్షరం మార్వాడీలో ఉంది. కళ్ళు, నీళ్ళు అనే మన నాలుకకి అదేం కష్టం కాదు. కానీ ఆ పేరు మనకి హిందీ, ఇంగ్లీషుల మీదుగా చేరింది కాబట్టి 'ల' అయిపోయింది.

1156లో రావల్ జైసల్ కట్టించిన కోట అది. మేర్ అంటే కొండ, అంటే జైసల్ కొండ. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్ వైపు నడిచే ఒంటెల బిడారుల వ్యాపారం, సుంకాలతోనే ఊరు బాగుపడింది, హవేలీలు లేచాయి. తర్వాత బొంబాయి రేవు పెరిగి సరుకంతా ఓడలెక్కింది. 1947లో సరిహద్దు పడటంతో ఆ పాత దారి మూసుకుపోయింది. పెద్దాయన తాతగారు మద్రాసు రైలెక్కింది కూడా వ్యాపారం పడిపోయాకేనట.

అదే జిల్లాలో ఇంకో ఊరుంది. 1974, 1998 అణు పరీక్షలతో ప్రపంచమంతా పోఖ్రాన్ అంది. రైల్వే వాళ్ళకి మాత్రం అది పోకరణ్. ఆ ఖ ఒత్తు ఎవరు తగిలించారో గానీ, చివరి 'ణ' మాత్రం ఎగిరిపోయింది!

సర్కారు దిద్దితే సరిపోతుందా అంటే నాకు నమ్మకం లేదు. 2020లో తమిళనాడు ప్రభుత్వం వెయ్యికి పైగా ఊళ్ళ ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చింది. కోయంబత్తూరుకి వచ్చిన కొత్త స్పెల్లింగు చూసి జనం ఒకటే నవ్వులు. కొద్ది రోజుల్లోనే జీవో వెనక్కి తీసుకున్నారు. బోర్డులు రాసేవాళ్ళు బతికిపోయారు.