పదేళ్ల తరువాత కూడా చూడబుద్ధయ్యే వంటగది గోడ

వంటగది కట్టించుకునేవారు గట్టు మీద పరిచే రాయి గురించి, అలమరల రంగు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు గాని, గట్టు వెనుక గోడకు ఏం వేయించాలన్న సంగతిని మాత్రం చివరి వారానికి వదిలేస్తారు. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి కనుక, దుకాణంలో ఆ రోజు ఇంపుగా కనిపించినదేదో ఎంచుకుని పని అయిందనిపిస్తారు. నిజానికి వంటగదిలోకి అడుగుపెట్టగానే కంటికి సూటిగా ఎదురయ్యేది ఆ గోడే. గట్టును పై నుంచి చూస్తాం, అలమరలను పని పడినప్పుడు చూస్తాం. ఈ గోడను మాత్రం స్టవ్ దగ్గర నిలబడినంత సేపూ రెండడుగుల దూరం నుంచి చూస్తూనే ఉంటాం. పైగా దీన్ని మార్చడం తేలిక కాదు. అలమర తలుపులకు రంగు మార్చవచ్చు, హ్యాండిళ్లు మార్చవచ్చు. టైల్స్ ఊడదీయబోతే మాత్రం వాటితో పాటు వెనుకనున్న ప్లాస్టరింగు పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది, స్విచ్ బోర్డులన్నీ విప్పవలసి వస్తుంది, గట్టు రాయి అంచు దెబ్బతినే ప్రమాదమూ ఉంటుంది. అందువల్ల బ్యాక్‌స్ప్లాష్‌ను, అంటే గట్టు వెనుక గోడకు వేసే ఈ తొడుగును, ఇరవై ఏళ్లు చూడవలసిన వస్తువుగా భావించి ఎంచుకోవడం మంచిది.

గోడ పాతబడటం వేరు, కాలం చెల్లినట్టు కనిపించడం వేరు. మరకలు పడి, మెరుపు తగ్గి, అంచులు పెచ్చులూడితే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల. దానికి కారణం పదార్థంలోనో పనితనంలోనో ఉంటుంది. గోడ చెక్కుచెదరకుండా ఉన్నా, చూడగానే ఇది ఫలానా కాలంలో వేయించినదని తెలిసిపోతే అది రెండవ రకం. ఈ రెండవ భయంతోనే చాలామంది ఏ మెటీరియల్ వేయిస్తే ఎప్పటికీ బాగుంటుందని అడుగుతారు. ఎన్నో వంటగదులను గమనించిన మీదట నాకు కలిగిన నమ్మకం ఏమిటంటే, కాలం ముద్ర పదార్థం మీద పడేది చాలా తక్కువ. దానితో మనం చేయించే హంగుల మీద పడేదే ఎక్కువ.

గాజు ముక్కలనూ రాతి ముక్కలనూ కలిపి వేలెడు వెడల్పు పట్టీలుగా పేర్చిన మొజాయిక్ 2000ల దశకంలో ఎందరి వంటగదుల్లోనో వెలసింది. అంతకు కొంచెం ముందు, అంచులు అరగదీసి పురాతనమైన రాయిలా కనిపించేట్టు చేసిన ట్రావర్టీన్ అనే సున్నపురాతి పలకలూ, వాటి మధ్య కంటి ఎత్తున సాగే ఒక అలంకారపు పట్టీ వాడుకలోకి వచ్చాయి. ఇవాళ ఆ రెండింటిలో దేన్ని చూసినా దాని వయసు ఇట్టే చెప్పవచ్చు. అందులో గాజు చేసిన తప్పేమీ లేదు. ట్రావర్టీన్ తప్పు అసలే లేదు. రోములోని కొలోసియం వెలుపలి గోడ దాదాపు రెండు వేల సంవత్సరాలుగా ఆ రాయితోనే నిలబడి ఉంది. చిన్న చిన్న ముక్కలుగా కోయడం, మరొక పదార్థంతో కలపడం, మధ్యలో పట్టీ వేయడం వంటి పనులు వాటిని ఒక కాలానికి కట్టేశాయి. దీనికి భిన్నంగా, 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు మొదలైనప్పుడు జార్జ్ హీన్స్, క్రిస్టఫర్ గ్రాంట్ లఫార్జ్ అనే వాస్తుశిల్పులు స్టేషన్ల గోడలకు వేయించిన తెల్లటి నునుపు టైల్స్ సంగతి చూడండి. 3 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల పొడవు, కడగడానికి సులువు, నేల కింద ఉన్న కొద్దిపాటి వెలుతురును తిరిగి విసిరే గుణం తప్ప వాటిలో వేరే ఆడంబరం లేదు. శతాబ్దం దాటినా అదే కొలత టైల్ ఇంకా తయారవుతూనే ఉంది, ఇంకా వేయించుకుంటూనే ఉన్నారు. అయితే అదే టైల్‌ను నల్లటి గ్రౌట్‌తో, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపే పూతతో, వేయిస్తే అది 2010ల నాటి వంటగది అయిపోతుంది. టైల్ మారలేదు, గీత మారింది, అంతే.

అన్నిటికన్నా త్వరగా వయసు బయటపడేది అనుకరణలకు. సిరామిక్ పలకల మీద ఇంక్‌జెట్ యంత్రాలతో బొమ్మ ముద్రించే పద్ధతి ఈ శతాబ్దంలో విస్తరించిన తరువాత, పాలరాయిలా, చెక్కలా, సిమెంటులా, చేత్తో చేసిన మట్టి పలకలా కనిపించే టైల్స్ లెక్కలేనన్ని వచ్చాయి. దుకాణంలో ఒక్క పలక చూస్తే అవి నిజంగానే అందంగా ఉంటాయి. గోడంతా పరిచాక దగ్గరగా నిలబడి చూడండి. ఎడమ మూల నుంచి దిగి, మధ్యలో రెండుగా చీలి, ఒక పాయ అంచు దాకా వెళ్లి ఆగిపోయే బూడిదరంగు చార ఒకటి ఉంటుంది. మూడడుగుల అవతల సరిగ్గా అదే చార, అదే చీలిక, అదే చోట ఆగడం కనిపిస్తుంది. తయారీదారు దగ్గర ఉండే బొమ్మలు పరిమితం కనుక అవే తిరిగి తిరిగి వస్తాయి. స్విచ్ బోర్డు కోసం కోసిన చోట చార పైపొరతోనే ముగిసి, కింద తెల్లటి మట్టో ఎర్రటి మట్టో బయటపడుతుంది. ఒకసారి కంటపడిన తరువాత ఇక చూడకుండా ఉండలేము. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ముద్రణ ఏటేటా మెరుగవుతుంది. ఇవాళ నిజమైన రాయేననిపించే టైల్, పదేళ్ల తరువాత రాబోయే టైల్ పక్కన ముతకగా కనిపిస్తుంది. అందువల్ల అనుకరణ టైల్‌కు కాలం చెల్లడం దాని పుట్టుకలోనే ఉంది. ఒకే రంగు గ్లేజ్, అంటే గాజులాంటి పైపూత, పూసిన సాదా టైల్ తాను టైల్‌నని తప్ప మరేమీ చెప్పుకోదు కనుక, దాన్ని వెనక్కి నెట్టేసే కొత్తది రావడం కష్టం.

నన్ను అడిగితే మొదట చెప్పేది ఆ సాదా సిరామిక్ టైల్ గురించే. దీని మీద ఒక అపోహ ఉంది. పోర్సిలిన్ గట్టిది, సిరామిక్ నాసిది అని చెప్పి గోడకు కూడా ఖరీదైన పోర్సిలిన్ అంటగడుతుంటారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పోర్సిలిన్ టైల్ పీల్చుకునే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించకూడదు. మామూలు గోడ టైల్ 10 శాతానికి పైగా పీల్చుకోగలదు. నేల మీద, ఆరుబయట ఆ తేడా చాలా ముఖ్యం. వంటగది గోడ మీద ఎవరూ నడవరు, బరువు పడదు, నూనె తుంపర్లనూ ఆవిరినీ అడ్డుకునేది పైనున్న గ్లేజ్. పైగా సిరామిక్ తేలికగా ఉంటుంది, శుభ్రంగా కోయవచ్చు, ప్లగ్గుల కోసం రంధ్రాలు పెట్టేటప్పుడు అంచులు తక్కువగా పగులుతాయి. కాబట్టి గోడ వరకు మంచి గ్లేజ్ ఉన్న సిరామిక్ చాలు, అలా ఎంచుకున్నందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

చేత్తో చేసిన టైల్స్ మీద ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నాయి, ముఖ్యంగా మొరాకోలోని ఫెజ్ ప్రాంతపు జెల్లీజ్ మీద. ఒక్కో పలక ఉపరితలం ఒక్కో రకంగా ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు ఒకే రంగు గోడ పది ఛాయలుగా కదులుతుంది. శతాబ్దాలుగా నిలిచిన పని అది, ఈ మోజు తీరిన తరువాత కూడా నిలుస్తుందని నా నమ్మకం. ఆ ఎగుడుదిగుడు అంచుల దగ్గర స్టవ్ వెనుక జిడ్డు చేరుతుందన్నదీ నిజమే, తుడిచే ఓపిక ఉన్నవారే వేయించుకోవాలి. దాన్ని అనుకరిస్తూ యంత్రం మీద అచ్చుపోసి, ఛాయలను ముద్రించిన టైల్స్‌కు మాత్రం పైన చెప్పిన మాటే వర్తిస్తుంది.

గట్టు మీద పరిచిన రాయినే గోడ మీదికి కూడా ఎక్కించడం మరొక నిలకడైన మార్గం. రెండు పదార్థాలు ఒకదానితో ఒకటి పొసగుతాయా లేదా అన్న ప్రశ్నే రాదు, అతుకులు దాదాపు ఉండవు, కంటికి ప్రశాంతంగా ఉంటుంది. గ్రానైట్‌కు ఈ పని చక్కగా నప్పుతుంది. పాలరాయి కాల్షియం కార్బొనేట్ కనుక నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలు తగిలిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయే కరిగిన గుర్తు, తుడిస్తే పోదు. పాలిష్ తక్కువగా ఉండే హోన్డ్ ముగింపులో ఆ మచ్చలు అంతగా కనిపించవు. క్వార్ట్జ్ పేరుతో అమ్మే కృత్రిమ రాతిలో ఖనిజపు పొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి బిగిస్తారు. ఆ రెసిన్ ఎక్కువ వేడికి రంగు మారుతుంది కనుక, మంట ఉన్న స్టవ్‌కు ఆనుకుని దాన్ని నిలబెట్టే ముందు తయారీదారు చెప్పిన దూరం చదవాలి. దాన్ని కోసేటప్పుడు లేచే సిలికా ధూళి పనివారి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుందన్న కారణంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దాన్ని నిషేధించింది. అందంతో సంబంధం లేకపోయినా, ఎంపిక చేసుకునేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది. ఏ రాయి అయినా సరే, గోడంతా పరుచుకునే పెద్ద పెద్ద చారలున్న పలకల విషయంలో నాకు సంకోచం ఉంది. రెండు పలకలను అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా పేర్చి చేసే అలంకారం మన ఈ దశాబ్దానికి గుర్తుగా మిగిలిపోతుందని అనిపిస్తుంది.

వెనుక రంగు పూసిన గాజు పలక శుభ్రం చేయడానికి అన్నిటికన్నా సులువు. మామూలు గాజులో ఉండే ఇనుము వల్ల తెలుపు కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది కనుక లేత రంగులకు ఇనుము తక్కువగా ఉండే గాజు అడగాలి. టఫెన్డ్ గాజును ఒకసారి గట్టిపరిచాక కోయడం గాని, రంధ్రం చేయడం గాని కుదరదు. ప్లగ్గులు ఎక్కడ రావాలో ముందే తేలిపోవాలి. స్టవ్ వెనుక భాగానికి మటుకు స్టెయిన్‌లెస్ స్టీల్ ఎప్పుడూ తప్పనిపించదు, గీతలు పడతాయి గాని ఆ గీతలన్నీ కాలక్రమేణా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

రంగు విషయానికి వస్తే, తెలుపు ఎంచుకుంటే భద్రం అనుకుని కళ్లు మూసుకుని ఎంచుకోకూడదు. నీలి ఛాయ ఉన్న తెలుపును మీగడ రంగు రాయి పక్కన పెడితే రాయి మాసినట్టు కనిపిస్తుంది. పసుపు ఛాయ ఉన్న తెలుపును బూడిదరంగు రాయి పక్కన పెడితే టైల్ మాసినట్టు కనిపిస్తుంది. నమూనా పలకను బల్ల మీద పడుకోబెట్టి చూస్తే ఇది తెలియదు. గట్టు రాయి ముక్క పక్కన, గోడకు ఆనించి నిలువుగా పెట్టి, పగటి వెలుతురులోనూ, రాత్రి అలమరల కింది దీపం వెలిగించీ చూడాలి. ఆ దీపం కాంతి గోడ మీదుగా ఏటవాలుగా జారుతుంది కనుక, బాగా మెరిసే టైల్ అయితే గోడలోని ప్రతి వంకరనూ బయటపెడుతుంది. మేస్త్రీ పనితనం మీద పూర్తి నమ్మకం లేనప్పుడు సగం మెరుపు ఉన్న టైల్ మేలు.

గ్రౌట్ గురించి ఎవరూ తగినంత ఆలోచించరు గాని, దూరం నుంచి చూసినప్పుడు గోడ రూపాన్ని నిర్ణయించేది ఆ గీతలే. టైల్ రంగు కన్నా ఒక్క ఛాయ ముదురుగా, 2 మిల్లీమీటర్ల వెడల్పుకు మించకుండా ఉంటే గోడ ఒకే ఉపరితలంలా కనిపిస్తుంది. తెల్లటి సిమెంటు గ్రౌట్ స్టవ్ వెనుక ముందుగా లేత పసుపుకు తిరిగి, మిగిలిన గోడ తెల్లగానే ఉండటం వల్ల ఆ భాగం ఒక మచ్చలా తేలుతుంది. అందువల్ల అక్కడైనా నూనె పీల్చని ఎపాక్సీ గ్రౌట్ వేయించడం మంచిది. గట్టూ గోడా కలిసే మూలలో గ్రౌట్ నింపితే కొంతకాలానికి వెంట్రుకవాసి పగులు వచ్చి నీరు దిగుతుంది, ఎందుకంటే ఆ రెండూ వేరువేరుగా కదులుతాయి. అక్కడ గ్రౌట్ రంగుకు సరిపడే, రబ్బరులా సాగే సిలికాన్ వేయమని పని మొదలుకాక ముందే చెప్పాలి.

పేర్పు సాదాగా ఉంటే చాలు. ఇటుకల వరసలా అయినా, ఒకదాని మీద ఒకటిగా అయినా అభ్యంతరం లేదు. గట్టు నుంచి పై అలమరల దాకా ఉన్న ఎత్తును టైల్ ఎత్తుతో భాగించి చూసుకుని, పైన వేలెడు ముక్క మిగలకుండా కొలత ఎంచుకోవాలి. ఆ సన్నని ముక్కల వరస ఎంత మంచి టైల్‌నైనా చవకగా కనిపించేట్టు చేస్తుంది.

కొనేటప్పుడు పెట్టెల మీద ముద్రించిన షేడ్ సంఖ్య, కొలత సంఖ్య అన్నిటి మీదా ఒకటే ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒకే పేరుతో వచ్చినా కొలిమిలో కాలిన విడతను బట్టి రంగూ పరిమాణమూ కొద్దిగా మారుతుంటాయి. లెక్కకు పది శాతం ఎక్కువ తీసుకుని, మిగిలిన పలకలను గ్రౌట్ రంగు పేరు రాసిన చీటీతో పాటు దాచిపెడితే, ఎప్పుడైనా కొళాయి పని కోసమో ప్లగ్గు మార్చడం కోసమో రెండు టైల్స్ పగలగొట్టవలసి వచ్చినా, గోడ మొత్తాన్ని మార్చవలసిన అవసరం రాదు.