అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనా?

విశాఖ బీచ్ రోడ్డు వైపు బాల్కనీ రెయిలింగులు గమనించారా? మెరుస్తూనే ఉంటాయి, మధ్యలో టీ ఒలికినట్టు మచ్చలు. "అయస్కాంతం పెట్టి చూసే కొన్నామండీ" అంటారు. ఆ పరీక్షకు అయస్కాంతం అంటుకునే 430 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు దొరుకుతుంది, అంతే. చవక గ్రేడు 202కీ అంటుకోదు, మేలైన 304కీ అంటుకోదు. పైగా అసలైన 304 పైపు వంచిన చోట కాస్త లాగుతుంది కూడా!

304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. కొట్లోనే తేల్చుకోవాలంటే మాంగనీసును పట్టిచ్చే టెస్టు ద్రావణం చుక్క వేసి, 9 వోల్టుల బ్యాటరీ ఆనించాలి. ఎర్రబడితే 200 సిరీస్, అంటే 202 లాంటి మాంగనీసు రకం.

ఉప్పుగాలికి 304 కూడా చాలదు. 2-3 శాతం మాలిబ్డినం ఉన్న 316 కావాలి, వెల్డింగులో కరిగించి నింపే ఫిల్లరు తీగ 316ఎల్ (తక్కువ కార్బన్ 316). వెల్డింగు అతుకు చుట్టూ వచ్చే నీలం, గోధుమరంగు పొరను పిక్లింగ్ పేస్టుతో (ఆమ్లపు ముద్ద) తీసి, బాగా కడగాలి. దాని కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది, తుప్పు అక్కడే మొదలు. మామూలు ఇనుము రుద్దిన గ్రైండింగ్ చక్రాన్నే ఈ స్టీలుకీ వాడితే ఇనుప రజను అంటుకుని రెండు వానలకే ఎర్రబడుతుంది. తిట్లు మాత్రం స్టీలుకి! బిగించాక కూడా అప్పుడప్పుడు మంచినీళ్లతో ఉప్పు కడిగేయాలి, ముఖ్యంగా వాన తగలని అడుగువైపు.