టిరామిసు: పుట్టిల్లు ఎవరిదైనా, పాళ్లు మాత్రం త్రెవీజోవే

కాఫీలో ముంచిన బిస్కెట్లు, మస్కార్పోనే మిశ్రమం పొరలుగా పేర్చి చేసే ఇటలీ మిఠాయి టిరామిసు. దీన్ని శతాబ్దాల నాటి రాజభవనాల వంటకమని చాలామంది అనుకుంటారు గానీ, ఈశాన్య ఇటలీలోని వెనెతో ప్రాంతంలో, త్రెవీజో నగరంలోని 'లె బెక్కెరీయె' అనే హోటల్ మెనూలోకి అది ఎక్కింది 1970ల ఆరంభంలోనే. యజమాని ఆదో కంపెయోల్ భార్య ఆల్బాకు బాలింతగా ఉన్నప్పుడు సత్తువ కోసం అత్తగారు పెట్టిన పదార్థమే దీనికి మూలమని ఒక కథనం. ఐస్‌క్రీం చేస్తుండగా, గుడ్లు, పంచదార ఉన్న గిన్నెలో మస్కార్పోనే (మీగడతో చేసే మెత్తని జున్ను) జారిపడిందని ఆ హోటల్ మిఠాయిల నిపుణుడు రొబెర్తో లింగ్వానోత్తో చెప్పినది మరొకటి. నాకు మొదటిదే నమ్మబుద్ధి అవుతుంది. పచ్చసొనను పంచదారతో గిలకొట్టి పిల్లలకు, వృద్ధులకు, బాలింతలకు ఇవ్వడం వెనెతో ఇళ్లలో పాత అలవాటు.

పొరుగున ఉన్న ఫ్రియూలి ప్రాంతం వారు ఈ మాట ఒప్పుకోరు. తొల్మెజ్జోలోని ఒక హోటల్‌లో నోర్మా పియెల్లి అనే ఆవిడ 1950లలోనే దీన్ని వడ్డించారని వారి వాదన. 2017లో ఇటలీ వ్యవసాయ శాఖ సంప్రదాయ ఆహారాల జాబితాలో టిరామిసును ఫ్రియూలి పేరున చేర్చగా, అప్పటి వెనెతో ప్రాంత అధ్యక్షుడు లూకా జాయా గట్టిగా అభ్యంతరం తెలిపారు. రసగుల్లా కోసం బెంగాల్, ఒడిశా పడిన తగవు చూసిన మనకు ఇది వింతేమీ కాదు.

ఎవరు గెలిచినా, నేను పాటించేది త్రెవీజో పాళ్లనే: 12 పచ్చసొనలు, అర కిలో పంచదార, కిలో మస్కార్పోనే, 60 సవోయార్ది (వేలి ఆకారంలో ఉండే గుల్ల) బిస్కెట్లు, కాఫీ, కోకో. ఇంట్లోకి ఇందులో మూడో వంతు చాలు. మద్యం, తెల్లసొన, గిలకొట్టిన క్రీమ్ ఇవేవీ అందులో లేవు. ఇప్పుడు చాలాచోట్ల అమ్మే టిరామిసులో కాఫీ రుచిని మింగేసేవి అవే.

మస్కార్పోనే చేయడానికి మీగడను మరుగు రాకుండా వేడిచేసి, కాస్త నిమ్మ ఉప్పు కలుపుతారు. అది పాలలాగా విరిగి గడ్డలు కట్టదు. నున్నగా చిక్కబడుతుంది, అప్పుడు గుడ్డలో వడకడతారు. పచ్చసొన, పంచదార లేత పసుపు రంగుకు వచ్చి, గరిటె నుంచి రిబ్బనులా జారేదాకా గిలకొట్టాలి. పచ్చి గుడ్డంటే జంకేవారు మరుగుతున్న నీటి గిన్నెపై ఉంచి గిలకొట్టి, బాగా చల్లార్చాకే మస్కార్పోనే కలపాలి; లేకుంటే మస్కార్పోనేలోని కొవ్వు కరిగి మిశ్రమం పలచబడుతుంది.

కాఫీకి మన ఫిల్టరు డికాక్షన్ చక్కగా సరిపోతుంది, చికోరీ లేని పొడి అయితేనే. చల్లారిన డికాక్షన్‌లో బిస్కెట్టును ఇటూ అటూ ముంచి వెంటనే తీయాలి. విరిచి చూస్తే మధ్యలో ఇంకా తెల్లగా, పొడిగా కనిపించాలి, ఎందుకంటే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు పైనున్న మిశ్రమంలోని తడి ఆ మిగిలిన పనిని చేస్తుంది. కోకో మాత్రం వడ్డించే ముందే జల్లెడతో చల్లాలి. ముందురోజే చల్లితే తడి పీల్చి నల్లబడుతుంది.