స్టీరింగ్ వల్ల వచ్చిన నొప్పి కాదది

సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కి కారు కిరాయికి తిప్పడం నా పని. నకిరేకల్ దాటేదాకా బాగానే ఉండేది. నార్కట్‌పల్లి వచ్చేసరికి రెండు రెక్కల మధ్య, సరిగ్గా వెన్నుపూస మీద, సలుపు మొదలయ్యేది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర రోడ్డు మీద ఆ గీతలు ఎక్కితే ప్రతి కుదుపూ వెన్నులో దిగేది. అక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా పళ్లు బిగబట్టి నడిపేవాణ్ణి.

ఎముకల డాక్టరుకి చూపించాను. నా పని ఏమిటో అడిగాడు, చెప్పాను. అంతే, ఇంక వేరే ప్రశ్న లేదు. "డ్రైవర్లకి వీపు నొప్పి రాకపోతే ఆశ్చర్యపోవాలి. సీటుకి దిండు పెట్టుకో" అన్నాడు. నొప్పి ఉన్న చోట చేయి కూడా వేయలేదు. ఎక్స్‌రే బాగానే ఉందని ఇంజెక్షన్, నొప్పి బిళ్లలు రాసిచ్చాడు. దిండు పెట్టుకున్నాను, సీటు నిటారుగా చేసుకున్నాను, దారిలో ఆగి నడిచాను. బండి దిగితే తగ్గాల్సిన నొప్పి పడుకున్నాక ఎక్కువయ్యేది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. ప్యాంటు వదులైంది. మళ్లీ వెళ్లి ఇవన్నీ చెప్తే, "టెన్షన్ తగ్గించుకో" అన్నాడు.

ఒక రాత్రి మా ఆవిడ వీపుకి బామ్ రాస్తూ ఒకచోట వేలు ఆపింది. "ఇక్కడ ఎముక కొంచెం పైకి వచ్చినట్టుంది, చూడండి" అంది. అద్దంలో నాకేం కనపడలేదు. అదే రాత్రి మంచినీళ్లకి లేచాను. కాళ్లు నావి కానట్టున్నాయి. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లాక చూస్తే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. అరికాలికి గచ్చు చల్లగా తగలాలి కదా, ఏమీ తగల్లేదు. అక్కడే కూలబడ్డాను. పిల్లల ఫీజులు, బండి ఈఎంఐ, ఇక జన్మలో క్లచ్ తొక్కలేనేమో అన్న భయం, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. తెల్లవారేదాకా మా ఆవిడ నా పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకుంది.

పొద్దున్నే మా తమ్ముడు హైదరాబాద్ తీసుకెళ్లాడు. అక్కడ చూసింది చిన్న వయసు డాక్టరమ్మ. మొదటి ప్రశ్నే, "పడుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా?" తర్వాత జ్వరం, చెమటలు, బరువు. పిడికిలితో వెన్ను మీద ఒక్కో పూసే తట్టుకుంటూ వచ్చింది. ఆ ఎముక దగ్గరకు రాగానే అరిచేశాను. ఎమ్మారైలో రెండు పూసలు, వాటి మధ్య డిస్కు దెబ్బతిని ఉన్నాయి. అక్కడ చేరిన చీము వెన్నుపాముని నొక్కుతోంది. సూదితో తీసిన ముక్క పరీక్షలో టీబీ అని తేలింది. ఎముక చాలావరకు తినేసేదాకా ఇది మామూలు ఎక్స్‌రేలో పడదట.

కాళ్ల బలం ఇంకా తగ్గితే ఆపరేషన్ తప్పదన్నారు. ఆ అవసరం రాలేదు. మందులు, వీపుకి బెల్టు, మంచం. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. మందులన్నీ ప్రభుత్వాసుపత్రి నుంచి ఉచితంగానే వచ్చాయి. తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడేవి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేదట. అక్కడి టీబీ సూపర్‌వైజరు బిళ్లలు వేసుకున్నానా లేదా అని ఫోన్ చేసి మరీ అడిగేవాడు. ఆయన రుణం తీర్చుకోలేను.

చుట్టాల సంగతి చెప్పకుండా ఉండలేను. చూడటానికొచ్చిన మా పెద్దమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "కంచం, గ్లాసు వేరు పెట్టండి, పిల్లలున్న ఇల్లు" అంది. నా ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. వెన్నెముకలో ఉన్న టీబీ గాలి ద్వారా ఇంకొకరికి అంటదని డాక్టరమ్మ అందరి ముందూ చెప్పింది. అయినా పెద్దమ్మ మాట మా చిన్నోడి చెవిన పడింది. రెండు రోజులు నా మంచం దగ్గరకు రాలేదు. పెద్దమ్మని ఇంకా క్షమించలేదు.

ఏడాదికి పైగా మందులు వాడాను. నాలుగో నెలలో కాలి బొటనవేలు నేను చెప్పినట్టు కదిలింది. స్వామి దయ అంటాను, బిళ్ల ఒక్కరోజు కూడా మానకపోవడం కూడా అంటాను. ఇప్పుడు మళ్లీ నడుపుతున్నాను, దూరం కిరాయిలు తగ్గించి. స్టాండులో తోటి డ్రైవర్లకి ఒకటే చెప్తున్నాను. పడుకున్నా తగ్గని వీపు నొప్పికి తోడు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే నొప్పి బిళ్లతో ఆగొద్దు, వెన్ను తట్టి చూడమని అడిగి మరీ చూపించుకోండి. కాళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజే వెళ్లండి.

మొక్కు తీర్చి వచ్చాక ఎమ్మారై ఫిల్ము పట్టుకుని ఆ మొదటి డాక్టరు దగ్గరకు వెళ్లాను. టోకెన్ డబ్బులు కట్టించుకునే లోపలికి పంపారు. ఫిల్ముని లైటుకి ఎత్తి చూసి, "అప్పుడు ఇంత లేదుగా" అన్నాడు. "అప్పుడు మీరు చూడలేదు సార్" అన్నాను. ఫిల్ము బల్ల మీద పెట్టి, బెల్ కొట్టి తర్వాతి పేషెంటుని పిలిచాడు.