బినారాయణ గారి భార్య

డోర్డ్ అనే మాట ఎప్పుడైనా విన్నారా? మధ్యాహ్నం బ్యాంకులో అమ్మ పక్కన కూర్చుని ఉండగా తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు. 1934లో వచ్చిన వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీలో ఉందట, అర్థం సాంద్రత. నిజానికి అలాంటి మాటే లేదు! సాంద్రతకు పెద్ద డి గానీ చిన్న డి గానీ గుర్తుగా వాడొచ్చని చెప్పడానికి 1931లో కెమిస్ట్రీ ఎడిటర్ 'D or d' అని చీటీ రాసి పంపాడు. చీటీల మీద అసలు పదాన్ని అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలి టైపు చేయడం అక్కడి అలవాటు. ఇదీ అలాంటిదే అనుకుని ఎవరో అన్నీ కలిపేశారు. డోర్డ్ పుట్టింది.

తమ్ముడు నవ్వే బొమ్మలు పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. మన ఇంట్లో జరిగింది ఇదే కదరా!

ఏ గుమాస్తా చేతి చలవో, నాన్న సర్వీసు కాగితాల్లో 'బి' పక్కన చుక్క ఎగిరిపోయింది. బి. నారాయణ బినారాయణ అయ్యారు. బాబాయి 'బినామీ నారాయణ' అని ఏడిపించేవాడు. నాన్న మాత్రం ప్రతిసారీ స్టాంపు పేపర్ కొని, నోటరీ దగ్గర కూర్చుని, ఆ ఇద్దరూ ఒక్కరేనని ప్రమాణం చేసి వచ్చేవారు. తను తానేనని! ఆయన పోయాక ఆ పని అమ్మకొచ్చింది. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఇవాళ మళ్ళీ అదే అఫిడవిట్ అడిగారు. పాతది చెల్లదట.

గుమాస్తాని తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను. ఇప్పుడు రాస్తుంటే కోపం అతని మీద అంతగా లేదు. చుక్క ఎవరికైనా జారుతుంది. అక్కడ 1939 ఫిబ్రవరిలో ఒక ఎడిటర్ ఈ మాటకు వ్యుత్పత్తి లేదేమిటని ఆగి, వెతికి, పట్టుకున్నాడు. అర్జెంటుగా మార్చమని ప్రింటర్‌కి పంపారు. ఖాళీ అయిన చోటు పూడ్చడానికి పక్కనున్న పదం వివరణని కాస్త సాగదీశారట కూడా. మనవాళ్ళకి దిద్దడం కన్నా ఇంకో స్టాంపు పేపర్ అడగడమే తేలిక.

అమ్మకి ఇదేమీ పట్టదు. కౌంటర్లోంచి "బినారాయణ గారి భార్య ఎవరండీ?" అని కేకేస్తే "నేనేనండీ" అని ఠక్కున లేచి నిలబడుతుంది. నాకు అదే ఒళ్ళుమంట.